సీడెడ్ అంటే ఏమిటి? మన్రో దొర, ప్రెసిడెంట్ పోక్, మన సీమ కథ

కొత్త సినిమా రిలీజైన రోజు సాయంత్రానికల్లా మన ఫోన్లలో ఒక లిస్టు తిరుగుతుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత, గుంటూరు ఇంత. మన హీరోకి సీడెడ్‌లో రికార్డు వచ్చిందా లేదా అని కొట్టుకుంటాం కానీ, ఆ మాటకి అర్థం ఏంటని ఎవరూ అడగరు. సీడెడ్ అంటే విత్తనాలకు సంబంధించింది అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు! ఆ మాట ఇంగ్లీషులోది. అర్థం "వదిలేసి అప్పగించినది". తెలుగులో మన పెద్దవాళ్ళు దాన్నే దత్తమండలాలు అన్నారు. అంటే ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన జిల్లాలు.

గమ్మత్తు చూడండి. ఆ లిస్టులో మొదటి పేరు నైజాం, రెండోది సీడెడ్. ఇచ్చినవాడి పేరు పైన, ఇచ్చిన వస్తువు పేరు కింద! 200 ఏళ్ళ కిందటి ఒక ఒప్పందం ఇప్పటికీ సినిమా కలెక్షన్ల లిస్టులో బతికే ఉంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వచ్చిన మనలాంటివాళ్ళకి ఇది సొంతింటి కథ. ఈ వ్యాసంలో మూడు విషయాలు చూద్దాం. ఈ భూమి ఎలా చేతులు మారింది, దాన్ని చేతిలోకి తీసుకున్న థామస్ మన్రో ఎవరు, ఇలాంటి పనే అమెరికాలో చేసిన ఒక ప్రెసిడెంట్ కథ దీంతో ఎక్కడ కలుస్తుంది.

1. ఇచ్చిందెవరు?

18వ శతాబ్దం చివర్లో మన ప్రాంతం మైసూరు పాలనలో ఉండేది, అంటే హైదర్ అలీ, ఆ తరువాత ఆయన కొడుకు టిప్పు సుల్తాన్. హైదర్ అలీ 1782 డిసెంబరులో చనిపోయింది కూడా మన చిత్తూరు దగ్గర దండులోనే. టిప్పుతో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేసిన యుద్ధాల్లో హైదరాబాదు నిజాం కంపెనీ పక్షాన నిలబడ్డాడు. అందుకు ప్రతిఫలంగా టిప్పు రాజ్యంలోంచి కొన్ని ప్రాంతాలు 1792లో, మరికొన్ని టిప్పు చనిపోయాక 1799లో నిజాంకి వచ్చాయి.

కానీ అవి ఆయన చేతిలో నిలవలేదు. అప్పటి గవర్నర్ జనరల్ వెల్లెస్లీ "సైన్య సహకార పద్ధతి" అని ఒకటి తెచ్చాడు. మీ రాజ్యాన్ని మా సైన్యం కాపాడుతుంది, దాని ఖర్చు మీరు భరించాలి. ఇదీ లెక్క. సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నాక క్యాన్సిల్ బటన్ కనపడదు కదా, అలాంటిదే. ఆ ఖర్చు కింద డబ్బుకి బదులు 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం ఈ ప్రాంతాలన్నీ కంపెనీకి ఇచ్చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం, అన్నీ అందులోవే. మన మదనపల్లె ఆ కడప వైపు లెక్కలోకి వచ్చింది.

ఒక్కసారి అప్పటి రైతుని ఊహించుకోండి. తను ఊరు కదల్లేదు. అదే చేను, అదే బావి, అదే వేరుశనగ కూడా కాదు, అప్పట్లో కొర్రలు, సజ్జలు. ఎనిమిదేళ్ళు తిరక్కుండా దొర మారాడు, మళ్ళీ మారాడు. మైసూరు, తరువాత నిజాం, ఆ తరువాత కంపెనీ. ఇచ్చినాయన హైదరాబాదులో, పుచ్చుకున్నాయన కలకత్తాలో. చేలో ఉన్నవాడిని ఎవరూ అడగలేదు.

2. పుచ్చుకోవడానికి వచ్చిందెవరు?

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. వాళ్ళ నాన్న అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికన్లు స్వాతంత్ర్య యుద్ధం మొదలుపెట్టడంతో ఆ వ్యాపారం దివాలా తీసింది. ఇంట్లో డబ్బు లేదు. దాంతో కుర్రాడు కంపెనీ సైన్యంలో చేరి, 1780 జనవరిలో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి వయసు సరిగ్గా మన వయసే, పద్దెనిమిది దాటింది. ఒకరకంగా చూస్తే అమెరికాకి స్వాతంత్ర్యం రావడం వల్లే మన సీమకి మన్రో వచ్చాడన్నమాట!

వచ్చిన ఏడాదే హైదర్ అలీతో యుద్ధం. ఆ తరువాత పారసీ, హిందుస్తానీ నేర్చుకున్నాడు. 1792లో టిప్పు నుంచి కంపెనీకి వచ్చిన బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద శిస్తు లెక్కల పని నేర్చాడు. బారామహల్ అంటే ఎక్కడో కాదు, కుప్పం దాటితే వచ్చే కృష్ణగిరి వైపు. దొర పాఠం నేర్చుకున్న బడి మన పక్క ఊరే. 1800లో 39 ఏళ్ళ వయసులో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి, 1807 వరకు ఏడేళ్ళు పనిచేశాడు. ఎక్కువ కాలం గుడారాల్లోనే ఉంటూ ఊరూరూ తిరిగేవాడు.

3. ఆ ఏడేళ్ళలో జరిగింది

మొదటి పని పాలెగాళ్ళను అణచడం. విజయనగరం కాలం నుంచి ఈ ప్రాంతంలో చిన్న చిన్న కోటలు కట్టుకుని, సొంత బంట్లను పెట్టుకుని, ఊళ్ళను ఏలిన నాయకులు పాలెగాళ్ళు. మన్రో వచ్చేసరికి దాదాపు 80 మంది ఉన్నారు. వాళ్ళందరూ ప్రజాబంధువులేం కాదు. ఒకరి ఊళ్ళు ఒకరు దోచుకున్నవాళ్ళూ ఉన్నారు. కంపెనీ సైన్యం వాళ్ళ కోటలు పట్టుకుంది, బంట్లను చెదరగొట్టింది. కొందరిని వెళ్ళగొట్టారు. కొందరికి నెలకింత అని పింఛను కట్టి కూర్చోబెట్టారు.

ఆ పింఛను లెక్కల్లోంచే తరువాత నిప్పు పుట్టింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుటుంబానిది అలాంటి పింఛనే. ఆయనకి వచ్చే వాటా నెలకి 11 రూపాయల చిల్లర. నొస్సం పాలెగాళ్ళయిన తల్లి వైపు వాళ్ళ పింఛను ఆగిపోయింది, తనకి రావలసింది అడిగితే అవమానం ఎదురైంది. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. "సైరా" సినిమా చూసినవాళ్ళకి మిగతా కథ తెలుసు. అప్పటికి మన్రో చనిపోయి 19 ఏళ్ళు. కానీ ఆయన మొదలుపెట్టిన లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

రెండో పని పొలాలు కొలవడం. ఇది మన సీఎస్ వాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. అంతకుముందు ఊరికంతటికీ ఇంత శిస్తు అని ఒకటే లెక్క. లేదా మధ్యలో ఉన్న జమీందారో, గుత్తదారో కట్టేవాడు. మన్రో ప్రతి చేనునూ విడిగా కొలిపించి, దాని మట్టిని బట్టి, నీటిని బట్టి శిస్తు వేసి, దాన్ని సాగుచేసే రైతు పేరుమీద రాయించాడు. చేనుకి ఒక వరుస, రైతుకి ఒక పేరు, ఎదురుగా ఒక అంకె. అంటే ఒక పెద్ద డేటాబేస్ టేబుల్. కంప్యూటర్ లేదు, కరెంటు లేదు, గొలుసులు పట్టుకుని ఎండలో కొలిచారు. దీన్నే రైత్వారీ అంటారు. ప్రభుత్వానికీ రైతుకీ మధ్య ఇంకొకడు ఉండకూడదు, ఇదీ దాని సారం.

వినడానికి బాగుంది కదా? ఇప్పుడు ఆ టేబుల్లో అంకెల కాలమ్ చూద్దాం. మన్రో వేసిన శిస్తు పంటలో దాదాపు 45 శాతం. పది బస్తాలు పండితే నాలుగున్నర బస్తాలు సర్కారువి. ఇది వానలు సరిగ్గా పడని సీమలో! ఆ ఏడేళ్ళలో దత్తమండలాల రాబడి సుమారు 4 లక్షల పౌండ్ల నుంచి 6 లక్షల పౌండ్లకు పెరిగింది. అంత శిస్తు ఎక్కువని మన్రోకే తెలుసు. 1807లో వెళ్ళిపోయే ముందు శిస్తుని నాలుగో వంతు తగ్గించాలనీ, బావుల కింద సాగయ్యే భూములకు ఇంకాస్త తగ్గించాలనీ రిపోర్టు రాశాడు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. పైగా రైత్వారీనే తీసేసి ఊళ్ళను కౌలుకి ఇచ్చేశారు. 1820లో మన్రో మద్రాసు గవర్నర్‌గా వచ్చాకే రైత్వారీ మళ్ళీ గట్టిపడింది.

ఇంకో సంగతి. ఆ టేబుల్లో పట్టాదారుకి పేరుంది. అదే చేలో నాగలి పట్టిన కూలీకి, కలుపు తీసిన ఆడవాళ్ళకి కాలమే లేదు. టేబుల్ ఎవరు డిజైన్ చేస్తే, లోకం వాళ్ళకి కనపడినట్టే ఉంటుంది. కాలమ్ లేనివాడు లెక్కలోనే లేడు.

4. మూడు ఊళ్ళు, రెండు పద్ధతులు

మన వైపు మూడు ఊళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పాఠం బాగా అర్థమవుతుంది.

మదనపల్లె: కడప జిల్లాలో సర్కారు తాలూకా. రైత్వారీ. రైతు పేర పట్టా, శిస్తు నేరుగా ప్రభుత్వానికి.

పుంగనూరు: జమీందారీ. పొట్టి ఆవులకు పేరుపడ్డ ఊరు, జమీందారు ప్యాలెస్ ఉన్న ఊరు. ఇక్కడ రైతు శిస్తు కట్టింది జమీందారుకి.

కుప్పం: కంగుంది జమీందారీ. ఇదీ అంతే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడే ఊరు కాబట్టి ఎవరి సరిహద్దు ఎక్కడన్నది ఇక్కడ ఎప్పుడూ ఉన్న ప్రశ్నే.

మదనపల్లె నుంచి పుంగనూరికి బస్సెక్కితే గంట కూడా పట్టదు. కానీ 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చేదాకా ఈ రెండు ఊళ్ళ రైతులూ రెండు వేరు వేరు లోకాల్లో బతికారు. ఒకాయన కలెక్టరు కచ్చేరీ చుట్టూ తిరిగేవాడు, ఇంకొకాయన జమీందారు దివాణం చుట్టూ.

గీతలు కూడా మారుతూనే వచ్చాయి. 1911లో కడప జిల్లాలోంచి మదనపల్లె, వాయల్పాడు తీసి, ఉత్తర ఆర్కాటు వైపు ఊళ్ళతో కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. ఊరు ఉన్నచోటే ఉంది, పైన బోర్డు మారింది.

కాగితం ఎంత ముఖ్యమో చెప్పడానికి పాతకాలం దాకా వెళ్ళక్కర్లేదు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు రేగి భూముల ఫైళ్ళు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా ఆ వార్తే. చేను కాలలేదు, చేను గురించి రాసిన కాగితం కాలింది. అయినా ఎంతమందికి నిద్ర పట్టలేదో! ముఖ్యంగా డీకేటీ పట్టా ఒక్కటే ఆధారంగా బతికే చిన్న రైతులకి. తాతలు దున్నిన చేను కళ్ళముందే ఉన్నా, ఇది మాదే అని చెప్పడానికి కాగితం కావాలి. ఈ అలవాటు మనకి మొదలైంది ఆ గొలుసుల కొలతలతోనే.

5. సముద్రానికి అటువైపు: జేమ్స్ పోక్

ఇప్పుడు కాస్త అమెరికా వెళ్దాం. మనలో సగం మంది ఎలాగూ వెళ్ళాలనుకుంటున్న చోటే! ఎమ్మెస్ అంటే టెక్సస్, ఉద్యోగం అంటే కాలిఫోర్నియా. మన తెలుగువాళ్ళు గుళ్ళు కట్టుకుని, సంక్రాంతి ముగ్గులు వేస్తున్న ఆ రెండు రాష్ట్రాలూ 1836 ముందు మెక్సికోవే. శాన్ హోసే, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో అన్న పేర్లు స్పానిష్‌లో ఎందుకున్నాయో ఎప్పుడైనా అనుకున్నారా?

టెక్సస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయింది, 1845లో అమెరికాలో కలిసింది. అదే ఏడాది 11వ ప్రెసిడెంట్‌గా వచ్చినాయన జేమ్స్ పోక్. 1795లో నార్త్ కరొలైనాలో పుట్టి, టెనెసీలో పెరిగి రాజకీయాల్లోకి వచ్చాడు. ఒక్కసారే ప్రెసిడెంట్‌గా ఉంటానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. ఆ నాలుగేళ్ళలో చేస్తానన్నవి చేశాడు: పన్నులు తగ్గించాడు, ఖజానాను బ్యాంకుల నుంచి వేరుచేశాడు, బ్రిటన్‌తో మాట్లాడి 1846లో ఒరెగాన్ సరిహద్దు తేల్చుకున్నాడు. కాలిఫోర్నియా కోసం మాత్రం యుద్ధం.

టెక్సస్, మెక్సికోల మధ్య ఒక వివాదంలో ఉన్న నేలకి సైన్యాన్ని పంపాడు. అక్కడ గొడవ జరిగి సైనికులు చనిపోతే, మా గడ్డ మీద మా వాళ్ళ రక్తం చిందించారన్నాడు. 1846 మేలో యుద్ధం ప్రకటించారు. అప్పుడు కొత్తగా కాంగ్రెస్‌కి వచ్చిన అబ్రహాం లింకన్, అసలు ఆ రక్తం చిందిన చోటు ఎవరి నేలో చూపించమని నిలదీశాడు. యుద్ధం అయిపోయాక 1848 ఫిబ్రవరి 2న ఒప్పందం. కోటీ 50 లక్షల డాలర్లు ఇచ్చి 5 లక్షల చదరపు మైళ్ళకు పైగా నేల తీసుకున్నారు. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరేంటో తెలుసా? "మెక్సికన్ సెషన్". సీడెడ్, సెషన్, రెండూ ఒకే కుదుటి మాటలు. మనం దత్తమండలాలైతే, కాలిఫోర్నియా మెక్సికో దత్తం!

తేదీలు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. సరిగ్గా అదే రోజు మెక్సికోలో బ్యూన విస్టా దగ్గర పోక్ సైన్యానికీ మెక్సికో సైన్యానికీ పెద్ద యుద్ధం మొదలైంది. ఒకళ్ళ పేరు ఇంకొకళ్ళకి తెలీదు. కారణం మాత్రం అదే: ఈ నేల ఎవరిది?

ఆ తరువాత జరిగింది కూడా మనకి తెలిసిన కథలాగే ఉంటుంది. అక్కడే ఉండిపోయిన మెక్సికన్ల ఆస్తులు భద్రమని ఒప్పందంలో రాశారు. కానీ 1851లో ఒక చట్టం వచ్చింది. కాలిఫోర్నియాలో పాత ప్రభుత్వాల కాలం నాటి భూములున్నవాళ్ళు అవి తమవేనని కాగితాలు చూపించి రుజువు చేసుకోవాలి. కేసులు ఏళ్ళకేళ్ళు నడిచాయి. గెలిచినవాళ్ళు కూడా లాయర్ల ఖర్చులకు భూములు అమ్ముకున్నారు. ఇక అక్కడి ఆదివాసుల్ని ఎవరూ లెక్కే చేయలేదు. కొత్తగా వచ్చిన నేలలో బానిసత్వం ఉండాలా వద్దా అన్న గొడవ ముదిరి 1861లో అమెరికా అంతర్యుద్ధానికి ఒక ముఖ్య కారణమైంది. పోక్ స్వయంగా బానిసల్ని పెట్టుకున్న తోటల యజమాని అని కూడా గుర్తుంచుకోవాలి.

మన్రో, పోక్ ఇద్దరూ కష్టపడి పనిచేసేవాళ్ళే, ఇద్దరికీ లెక్కంటే లెక్కే. ఇద్దరూ పోయింది ఒకే జబ్బుతో. పోక్ పదవి దిగిన మూడు నెలలకే 1849 జూన్ 15న కలరాతో చనిపోయాడు. మన్రో 1827 జులై 6న, ఇంగ్లండ్ వెళ్ళే ముందు చివరిసారి సీమను చూద్దామని తిరుగుతూ, పత్తికొండలో కలరాతోనే చనిపోయాడు.

6. మిగిలిన గుర్తులు

తేడా ఎక్కడంటే, పోక్‌ని మెక్సికోలో ఎవరూ ప్రేమగా తలుచుకోరు. మన్రోని సీమలో తలుచుకున్నారు. పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తిరుమలలో స్వామికి నైవేద్యం పెట్టే పెద్ద పాత్రని మన్రో గంగాళం అంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకి కనపడి మాట్లాడారని ఒక కథ, గండి ఆంజనేయస్వామి దగ్గర బంగారు తోరణం కనిపించిందని ఇంకో కథ. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా చెట్లు నాటి బావి తవ్వించారు. చెన్నైలో గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఇప్పటికీ ఉంది.

ఈ ప్రేమ ఉత్తదేం కాదు. పాలెగాళ్ళ దోపిడీ చూసిన రైతుకి, గుడారంలో కూర్చుని తన మాట వినే అధికారి దేవుడిలా కనిపించి ఉంటాడు. ఊళ్ళలో బడులు ఎన్నున్నాయో 1822లో లెక్క తీయించింది ఆయనే. 1824లో రాసిన ఒక నోట్‌లో, ఏదో ఒకనాటికి భారతీయులే తమను తాము పాలించుకునేలా తయారుచేయడమే మన పని కావాలన్నాడు. అప్పట్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. కానీ ఆ "ఏదో ఒకనాడు" ఎప్పుడన్నది నిర్ణయించేది మాత్రం వాళ్ళే! 45 శాతం శిస్తు కూడా ఆ చేతి రాతే. మంచి అధికారి కావడం, అడక్కుండా వచ్చిన పాలకుడు కావడం రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఒకటి ఉందని రెండోది కొట్టెయ్యకూడదు.

పేర్ల సంగతి కూడా చూడండి. మనం సెలవు దొరికితే ఎక్కే హార్స్‌లీ హిల్స్, ఒక ఇంగ్లీషు కలెక్టర్ ఇల్లు కట్టుకున్నందుకు ఆయన పేరైంది. ముందున్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఇంకొకడు పెట్టిన పేరు ఎంత తేలిగ్గా నాలుకకి అలవాటైపోతుందో!

అందుకే 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు మన పెద్దవాళ్ళు దత్తమండలాలు అన్న పేరు వద్దన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన వస్తువు అని మనల్ని మనం ఎందుకు పిలుచుకోవాలి అన్నది వాళ్ళ బాధ. చిలుకూరి నారాయణరావు గారు ప్రతిపాదించిన పేరు రాయలసీమ. 1800లో ఈ నేల గురించి ఇక్కడివాళ్ళని ఎవరూ అడగలేదు. 128 ఏళ్ళ తరువాత ఇక్కడివాళ్ళే, ఎవరూ అడక్కుండానే, తమ పేరు తాము చెప్పుకున్నారు. ఈ మొత్తం కథలో ఆ నేల మీద ఉన్నవాళ్ళు సొంతంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఒక పాలకుడి గురించి చదివేటప్పుడు ఎంత నేల గెలిచాడు, ఎన్ని పనులు చేశాడు అని మార్కులు వేయడం మనకి పరీక్షల అలవాటు. దానికంటే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. అక్కడ అప్పటికే ఉన్నవాళ్ళని అడిగాడా? తరువాత వాళ్ళ పేరు ఏ కాగితంలో రాశాడు, ఏ కాగితంలో రాయలేదు?

మీరే తెలుసుకోండి

1. మీ ఊరు ఒకప్పుడు రైత్వారీనా, జమీందారీనా? ఇంట్లో తాతనో, అవ్వనో అడగండి. శిస్తు ఎవరికి కట్టేవాళ్ళో వాళ్ళకి గుర్తుండొచ్చు.
2. ఇంట్లో పాత పట్టా ఉంటే తీసి చూడండి. దాని మీద ఎవరి పేరుంది? ఆ చేలో పనిచేసిన ఎవరి పేరు లేదు?
3. మీ ఊళ్ళో కొండకో, చెరువుకో, వీధికో పాత పేరు ఇంకోటి ఉందా? ఎవరు మార్చారు, ఎప్పుడు?

తెలిసినవి రాసి క్లబ్ మెయిల్‌కి పంపండి. వచ్చే సంచికలో ఊరు ఊరుగా వేద్దాం.